కరిచే నీళ్ళు

మా హోసూరు పక్క స్నానం అనే మాట పురోహితుల నోట, పాఠ్యపుస్తకాల్లో తప్ప వినబడదు. మేం నీళ్ళు పోసుకుంటాం. అవీ ఉడుకు నీళ్ళు. వేడినీళ్ళు అన్నా అర్థమవుతుంది గానీ ఆ మాటలో మాకు కావలసినంత సెగ లేదు. దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న ఊరు మాది. కార్తీకం వచ్చిందంటే తెల్లవారుజామున ముక్కు కొన ఎర్రబడుతుంది. అలాంటి చలిలో చన్నీళ్ళు పోసుకునేవాడు యోగి అయినా కావాలి, కొత్తగా పెళ్ళి కుదిరినవాడైనా కావాలి అనేవారు మా నాయన.

నా చిన్నతనంలో పెరట్లో, జాలాడి పక్కన, పొయ్యి మీద మెడదాకా మట్టిలో కూర్చోబెట్టిన రాగి అండా ఉండేది. కన్నడం వాళ్ళు హండె అంటారు. మా వీధిలో నాలుగిళ్ళు తెలుగువి, రెండు కన్నడానివి, మూడు తమిళానివి. అండా మాత్రం అందరిళ్ళలోనూ ఒకటే. కింద కందికట్టె, కొబ్బరి మట్టలు. దీపావళి ముందురోజు సాయంత్రం దానికి చింతపండు పెట్టి తోమి, సున్నం బొట్లు, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు పూలు చుట్టి, కొత్త నీళ్ళు నింపేవారు. కన్నడిగులు దాన్ని నీరు తుంబువ హబ్బ అంటారు. మా అమ్మ నీళ్ళు నింపే పండగ అంటుంది. పండగ ఎవరిదని అడిగినవాళ్ళు ఆ రోజుల్లో లేరు. నరక చతుర్దశినాడు కోడి కూయక ముందే తలకు నూనె పెట్టుకుని ఆ నీళ్ళు పోసుకోవాలి. అంతే లెక్క.

అండా పోయి మధ్యలో నిప్పుల గొట్టం ఉన్న రాగి బాయిలరు వచ్చింది. అది పోయి, బకెట్టులో వేలాడదీసే కరెంటు కడ్డీ వచ్చింది. ఇన్ని సామాన్లలో నాకు దాన్ని చూస్తేనే భయం. కడ్డీ తరువాత గీజరు. ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. ఐస్‌లండు దేశంలో నేలలోంచి ఎగజిమ్మే ఒక వేడినీటి బుగ్గ పేరు గైసిర్. లండన్‌లో మాన్ అనే ఆయన 1868లో గ్యాసు మంటతో నీళ్ళు కాచే యంత్రం చేసి దానికి ఆ బుగ్గ పేరే పెట్టాడు. ఆ యంత్రానికి పొగ పోయే గొట్టమైనా లేదు. నార్వేలో పుట్టి అమెరికా పోయిన రూడ్ అనే ఇంజినీరు 1889లో తనంతట తానే కాగే, నీళ్ళు నిలవ ఉంచుకునే తొట్టి చేశాడు. మన గోడలకు వేలాడే తెల్ల డబ్బాలకు ఆయన్ను తాత అనుకోవచ్చు. ఆ తాతగారికి హోసూరు బోరు నీళ్ళ సంగతి తెలిసి ఉంటే ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పి ఉండేవాడు.

మా బోరు నీళ్ళ గురించి చెప్పాలంటే, కుక్కరులో అడుగున కాసిని నీళ్ళు పోసి నాలుగుసార్లు వండితే అందులో సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. 2013లో హొగేనకల్ తాగునీటి పథకం మొదలయ్యాక తాగడానికి కావేరి నీళ్ళు దొరికాయి. అవి బిందెలకూ వంటకూ సరిపోతాయి. ఒంటికీ బట్టలకూ బోరే గతి. నేను 31 ఏళ్ళు తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. తాత్కాలిక కఠినత్వం, శాశ్వత కఠినత్వం అని ఏటేటా నల్లబల్ల మీద రాశాను. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, కరగని కార్బొనేటుగా మారి అడుగుకు చేరుతుంది. పిల్లలు దాన్ని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా గుర్తుపెట్టుకుంటారు. గీజరు మాత్రం ఒంటి మీద రాసుకుంటుంది.

మా అమ్మకు 82 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు ఎక్కలేదు. అందుకని కింది భాగంలో ఆమెకు గది, దానికి ఆనుకుని నీళ్ళిల్లు. అక్కడ గోడ మీద 15 లీటర్ల గీజరు, 2 కిలోవాట్లది. పదేళ్ళ కిందట కొన్నది. ఆమె ఒక్కతే వాడుతుంది. కూర్చునే పీట, ఇత్తడి కుళాయి, రాగి చెంబు. ప్లాస్టిక్ మగ్గు ఇస్తే వద్దంది. ఉడుకు నీళ్ళు మోకాళ్ళ మీద పోసుకునే ఆ పావుగంట ఆమె రోజంతటికీ మందు. ఆ పావుగంట తప్పితే సాయంత్రం దాకా ఇంట్లో ఎవరికీ శాంతి ఉండదు. ఈ మాట ఆమె వినేటట్టు చెప్పను.

2023 దీపావళి ముందు వారం ఆ గీజరు కింద నేల మీద తడి కనబడింది. చుక్క చుక్కగా కారుతోంది. మా ఆవిడ కంపెనీ సర్వీసు వాళ్ళకు ఫోను చేసింది. నేను చెల్లెలింటి పని మీద రెండు రోజులు బెంగళూరులో ఉన్నాను. ఆవిడ బజారుకు పోయిన వేళ సర్వీసు పిల్లవాడు వచ్చి చూసి పోయాడట. గ్యాస్కెట్టు పోయింది, సామాను తెప్పించి పండగ అయినాక వేస్తా, అందాకా వాడుకోవచ్చు అని కాగితం రాసి ఇచ్చాడు.

ఇక్కడ కారడం గురించి నాలుగు మాటలు చెప్పాలి. గీజరు కారుతోంది అని అందరం ఒకే మాటగా అంటాం గానీ ఎక్కడ కారుతోంది, ఎప్పుడు కారుతోంది అన్నదాన్ని బట్టి రోగం మారిపోతుంది. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. 25 డిగ్రీల నీళ్ళు 65 డిగ్రీలకు వస్తే 15 లీటర్లకు సుమారు పావు లీటరు, అంటే ఒక గ్లాసెడు ఎక్కువవుతాయి. ఆ గ్లాసెడుకు తొట్టిలో చోటు లేదు. నీళ్ళను అణచడం ఎవరి వల్లా కాదు. వచ్చిన దారిన వెనక్కి పోదామంటే దారిలో వెనక్కి పోనివ్వని కవాటం ఉంటుంది. అది ఉండాలి కూడా, లేకపోతే మిద్దె మీది తొట్టి ఎండిన రోజు గీజరు నీళ్ళన్నీ వెనక్కి జారిపోయి లోపలి కాయిలు ఒట్టిగా కాలిపోతుంది. అందుకని చన్నీళ్ళు లోపలికి పోయే గొట్టం దగ్గర చిన్న సేఫ్టీ వాల్వు పెడతారు. ఒత్తిడి హద్దు దాటితే దాని ముక్కులోంచి నాలుగు చుక్కలు బయటికి పోతాయి. కాబట్టి కాగేటప్పుడు మాత్రమే ఆ ముక్కులోంచి చుక్కలు పడితే అది కారడం కాదు, గీజరు ఊపిరి తీసుకోవడం. స్విచ్చి ఆపినా, రాత్రంతా అక్కడే పడుతూ ఉంటే వాల్వు పాడైనట్టు, లేదా పంపు ఒత్తిడి ఎక్కువైనట్టు. గొట్టం మరల దగ్గరైతే వాషరు, టేపు మారిస్తే చాలు. అడుగు మూత తీస్తే కాయిలు బిగించిన బిళ్ళ ఉంటుంది, దాని చుట్టూ తడి ఉంటే గ్యాస్కెట్టు. ఇక పై డబ్బాకూ అడుగు మూతకూ మధ్య సందులోంచి తుప్పు రంగు నీళ్ళు వస్తే లోపలి తొట్టే చిల్లుపడిందన్నమాట. దానికి మందు లేదు. తొట్టి లోపల గాజు పూత ఉంటుంది. వెల్డింగు పెడితే ఆ పూత కాలి రాలిపోతుంది. మంచి వెల్డరు దొరికాడు కదా అని సంబరపడకూడదు.

ఏది ఏదో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కరెంటు ఆపి, ప్లగ్గు పీకి, అంతా పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క అతుకు చుట్టూ పాత పేపరు ముక్క చుట్టి గంట కూర్చుంటే ఏ ముక్క ముందు తడిసిందో అదే చెబుతుంది. డాక్టరు నాడి పట్టినట్టు.

శుక్రవారం సాయంత్రం నేను బెంగళూరు నుంచి వచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని పూలు కడుతోంది. మరునాడు నీళ్ళు నింపే పండగ. మాటల్లో మాటగా అంది:

"ఆ పిల్లోనికి అంతా చెప్తిని నాయనా. కారేది చెప్తిని, నీళ్ళు కరస్తా ఉండాయని చెప్తిని. బోరు నీళ్ళు అట్లే కదా పాటీ, మేమేం చేసేది అని నవ్వి పాయె."

"ఏం చెప్తివమ్మా?"

"నీళ్ళు కరస్తా ఉండాయని."

నాకు వెన్నులో చన్నీళ్ళు పోసినట్టయింది. చేతిలోని సంచి అక్కడే దించి పోయి మీటరు పక్కన ఉన్న ఎం.సి.బి. కిందికి వేశాను. ఇంట్లో దీపాలు కూడా పోయాయి. పోనిమ్మని గీజరు ప్లగ్గు పీకి, ఆ తరువాతే దీపాలు వేశాను.

మా అమ్మ మాటల్లో కరెంటుకు రెండు గుణాలు ఉన్నాయి. ఒకటి పట్టేది, రెండోది కరిచేది. మా చేను దగ్గర మోటారు స్టార్టరు ముట్టుకుని ఒకాయన చనిపోయినప్పుడు కరెంటు పట్టుకునె అంది. రేడియో వెనక వేలు పెట్టి నేను ఎగిరిపడినప్పుడు కరిచెనా అని అడిగింది. కరిచేది కరిచి వదిలేస్తుంది, పట్టేది వదలదు. ఆలోచిస్తే ఇది ఉత్త మాట కాదు. దాదాపు 1 మిల్లీ ఆంపియరు ఒంట్లో పోతే చురుక్కుమంటుంది, చెయ్యి వెనక్కి తీసుకుంటాం. పది దాటిన కొద్దీ కండరాలు బిగుసుకుపోయి, వదులుదామన్నా వేళ్ళు విడవవు. అంతకు మించి 30, 40 గుండె మీదుగా పోతే మనిషి దక్కడం కష్టం. కరవడానికీ పట్టడానికీ మధ్య దూరం ఇంతే. పుస్తకంలో విద్యుద్ఘాతం అని ఒకే మాట రాసి మేం పిల్లలకు చెప్పాం. చదువు లేని ఆమె దగ్గర రెండు మాటలు ఉన్నాయి.

మరి ఆ పిల్లవాడు ఎందుకు నవ్వాడు? రాత్రంతా అదే ఆలోచన. పొద్దున ఫోను చేశాను. పండగ రద్దీలో కూడా పది గంటలకల్లా వచ్చాడు. ధర్మపురి పక్క పిల్లవాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. విషయం చెప్పగానే మొహం మాడిపోయింది.

"సార్, పాటీ తణ్ణి కరిక్కుదు అన్నాంగ" అన్నాడు.

అప్పుడు తెలిసింది. తమిళంలో కరిక్కుదు అంటే ఉప్పన ఎక్కువై నాలుక మీద చేదుగా తగలడం. కూరలో ఉప్పు ఎక్కువైతే ఉప్పు కరిక్కుదు అంటారు. వాడికి తెలుగు రాదు. అమ్మకు తమిళం వచ్చు గానీ ఒంటి బాధ చెప్పేటప్పుడు ఆమె నోట తెలుగే వస్తుంది. ఆమె కరస్తా ఉండాయి అంది, వాడు కరిక్కుదు అని విన్నాడు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ముసలమ్మ గొణుగుతోంది కాబోలు అనుకుని, ప్రేమగానే, అట్లే కదా పాటీ అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. హోసూరులో మూడు భాషలు ఒకే వీధిలో నడుస్తాయి, ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ. మా ముగ్గురికీ అన్నీ అర్థమైనట్టే ఉంటుంది. నిజానికి అర్థమైనట్టు ఉండే మాటే అర్థం కాని మాటకన్నా ప్రమాదం. అసలు అర్థం కాకపోయి ఉంటే వాడు ఇంకోసారి అడిగేవాడు.

షాకు కొడుతోంది అని ఉంటే మూడు భాషల్లోనూ పని జరిగిపోయేది. ఆ మాట ఆమెకు లేదు. మా మనవడు ఇంట్లో ఉంటే చెప్పేవాడేమో అన్నది మా ఆవిడ. నాకు నమ్మకం లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. మా వాడు తమిళం బాగా చదువుతాడు, ఇంగ్లీషు ఇంకా బాగా. వాడికి కరవడం అంటే కుక్క పనే.

పిల్లవాడు మనసు కష్టపెట్టుకుని, పట్టుదలతో పనికి దిగాడు. మా వీధి చివర ఎలక్ట్రీషియను ఉంటే అతన్నీ మెగ్గరుతో పిలిచాను. అడుగు మూత తీసి కాయిలు రెండు కొసల మధ్య చూస్తే 26 ఓములు. అది సరిగ్గానే ఉంది. 230 వోల్టులకు 2 కిలోవాట్లు అంటే అంతే రావాలి. అందుకే నీళ్ళు చక్కగా కాగుతున్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. మెగ్గరు ఒక తీగ కాయిలు కొసకు, ఇంకో తీగ డబ్బా లోహానికి పెట్టగానే ముల్లు సున్నకు పడిపోయింది. కాయిలుకూ డబ్బాకూ మధ్య అడ్డుగోడ లేదన్నమాట. కాయిలు చుట్టూ ఉండే లోహపు తొడుగు చీలి, నీళ్ళు లోపలి తీగను తాకుతున్నాయి.

అలా చీలినా, ఎర్తు సరిగ్గా ఉంటే ఆ కరెంటు నేలలోకి పోయి బ్రేకరు పడిపోవాలి. ప్లగ్గుకు మూడు కాళ్ళు ఉన్నాయి, గోడ మీద మూడు చిల్లులూ ఉన్నాయి. బోర్డు విప్పితే మూడో చిల్లు వెనక తీగే లేదు. ఇల్లు కట్టినవాడు చిల్లు పెట్టాడు, తీగ మిగుల్చుకున్నాడు. మూడో చిల్లు చూడగానే ఎర్తు ఉందనుకోవడం గుడి గోపురం చూసి లోపల దేవుడు ఉన్నాడనుకోవడం లాంటిది. ఎవరో ఒకరు తలుపు తీసి చూడాలి. మరి అమ్మను కరెంటు పట్టకుండా కరిచి ఎందుకు వదిలింది? కుళాయి దాకా వచ్చినవి ప్లాస్టిక్ గొట్టాలు. కరెంటు లోహం వెంట కాక సన్నటి నీటి ధార వెంట నడిచి రావాలి. ఆ దారిలో చాలావరకు నీరసించిపోయింది. శుద్ధమైన నీళ్ళలో కరెంటు సరిగ్గా నడవదు, ఉప్పులు కరిగిన నీళ్ళలో నడుస్తుంది. అంటే ఆ పిల్లవాడు అన్న ఉప్పు కూడా అబద్ధం కాదు. ఉప్పు లేకుంటే ఆ నీళ్ళు అంతగా కరిచేవి కావు. పాత ఇళ్ళలోలా ఇనుప గొట్టాలై ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఇక కారడం సంగతి. అది గ్యాస్కెట్టు కాదు. సందులోంచి తుప్పు నీళ్ళు. తొట్టి అతుకు దగ్గర చీలింది. పదేళ్ళకు చీలడం వింత కాదు గానీ, గోడవైపు తిరిగి ఉన్న సేఫ్టీ వాల్వును పిల్లవాడు అద్దం పెట్టి చూసి నన్ను పిలిచాడు. దాని ముక్కులో ఎంసీలు ముద్ద కుక్కి ఉంది, రాయిలా గట్టిపడి. రెండేళ్ళ కిందట నీళ్ళింటికి టైల్సు వేయించినప్పుడు గీజరు దించి మళ్ళీ బిగించిన ప్లంబరు పని అది. చుక్కలు పడితే కొత్త టైల్సు మీద మరక అవుతుందని అతనికి తోచింది కాబోలు, ఎవరినీ అడక్కుండా మూసేశాడు. ఇలా మూసేవాళ్ళు ఊరికి నలుగురు ఉంటారు, లీకేజీ ఆపినందుకు డబ్బు కూడా తీసుకుంటారు.

నేను ఎంత చెప్పినా తక్కువే. మా గీజరు మీద 8 బార్లు అని రాసి ఉంది, అంటే దాదాపు 80 మీటర్ల ఎత్తున్న నీటి బరువు. రెండేళ్ళుగా ప్రతి పొద్దునా ఆ గ్లాసెడు నీళ్ళు బయటికి పోయే దారి లేక తొట్టిని లోపలి నుంచి తోశాయి. చల్లారాక వెనక్కి తగ్గాయి. మళ్ళీ పొద్దున తోశాయి. తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో అతుకుకు అదే అయింది. నిజానికి అది చీలడమే మా అదృష్టం. థర్మోస్టాటు, దాని వెనక ఉండే కటౌటు, రెండూ ఒకేసారి పనిచేయకపోయి ఉంటే నీళ్ళు 100 డిగ్రీలు దాటి కూడా ఒత్తిడి వల్ల నీళ్ళుగానే ఉండి, తొట్టి పగిలిన క్షణాన ఆవిరి అయ్యేవి. నీళ్ళు ఆవిరైతే 1,600 రెట్లు జాగా అడుగుతుంది. ఆరడుగుల నీళ్ళింట్లో పీట మీద కూర్చున్న మనిషికి అది ఎక్కడ దొరుకుతుంది?

పిల్లవాడు గీజరు దించేటప్పుడు నేర్చుకోదగ్గది ఒకటి చేశాడు. వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచితే తొట్టి ఖాళీ అవుతుందని మనం అనుకుంటాం, కాదు. ఉడుకు నీళ్ళు పోయే గొట్టం లోపల నెత్తి దాకా లేచి ఉంటుంది, పై నీళ్ళను మాత్రమే తీసుకుంటుంది. వాడు ఆ కుళాయి తిప్పింది గాలి పోవడానికి. నీళ్ళు దించింది చన్నీళ్ళ గొట్టం వైపు నుంచి, వాల్వు విప్పి. బకెట్టులోకి తెల్లటి గసి రెండు దోసిళ్ళు పడింది. కాయిలు మీద చిటికెన వేలు మందాన సున్నపు చెక్కు. ఆ చెక్కు వేడిని నీళ్ళలోకి పోనివ్వదు, కాయిలు తన వేడికి తానే కాలి తొడుగు చీలింది.

తొట్టిలో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తుప్పు వచ్చి ముందు దాన్ని తింటుంది, అది ఉన్నంత కాలం తొట్టి జోలికి పోదు. ఇంటికి పెద్దకొడుకు లాంటిది. మాదాంట్లో చూస్తే కడ్డీ లేదు, లోపలి ఇనుప తీగ మాత్రం పుల్లలా మిగిలింది. ఏటా సర్వీసు కాంట్రాక్టు కట్టించుకుని వచ్చిన వాళ్ళు పై డబ్బా తుడిచి సంతకం తీసుకుపోయారు తప్ప ఒక్కసారీ దీన్ని విప్పలేదు. మా నీళ్ళకైతే ఏడాదికోసారి చూడాలి, సగానికి పైగా తరిగితే మార్చాలి. వేడి కూడా 50, 55 డిగ్రీల దగ్గర ఆపితే చెక్కు తక్కువ కడుతుంది.

ఆ గసిలో ఒక ముక్క సాసరులో పెట్టి మనవణ్ణి పిలిచి నిమ్మకాయ పిండించాను. చుయ్యిమని నురగ వచ్చింది. వాడు, సర్వీసు పిల్లవాడు ఇద్దరూ వంగి చూశారు. అమ్మ గడప దగ్గర నుంచి, అండాకు చింతపండు ఎందుకనుకున్నారు, అంది.

కొత్త గీజరు పండగ అయ్యాక గాని రాదన్నారు. మరునాటి తెల్లవారి నూనె నీళ్ళకు ఏం దారి? అమ్మే అంది, అటక మీద అండా ఉండాది కదా అని. ముగ్గురం పట్టి దించాం. నలభై ఏళ్ళ దుమ్ము కిందనుంచి మెల్లగా రాగి రంగు తేలింది. సాయంత్రం మా ఆవిడ బొట్లు పెట్టింది. పెరట్లో మూడు ఇటుకరాళ్ళు పెట్టి, పక్కింటి కన్నడం వాళ్ళు ఇచ్చిన కొబ్బరి మట్టలతో నాలుగు గంటలకు మంట వేశాను. పొగకు కళ్ళు మండిపోయాయి. ఈ వైభవాన్ని గురించి కవిత్వం రాసేవాళ్ళు ఒక్క రోజు ఊదుగొట్టం పట్టి చూడాలి. అమ్మ పెరట్లోనే, చీకట్లో, పీట మీద కూర్చుని మా ఆవిడ పోస్తుంటే నీళ్ళు పోసుకుంది. పొద్దెక్కాక అడిగితే, నీళ్ళకు పొగ వాసన వచ్చె, బాగుండె, అంది.

పది రోజులకు కొత్తది బిగించారు. అంతకు ముందే ఎలక్ట్రీషియను పెరట్లో గుంత తవ్వి ఎర్తు వేశాడు, నీళ్ళింటికి 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్.సి.సి.బి. పెట్టాడు. దాని మీద పరీక్ష చూసే మీట ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారం. ఆ వీధిలో ఇంకో ఆరిళ్ళలో మూడో చిల్లు విప్పించి చూశాం. రెండిళ్ళలో తీగ లేదు.

వాల్వు ముక్కుకు సన్నటి గొట్టం తగిలించి మోరీలోకి వదిలింది సర్వీసు పిల్లవాడే. అది కంపెనీ పని కాదు, సెలవు రోజున వచ్చి చేసిపోయాడు. పోతూ పోతూ అమ్మ గది దగ్గర నిలబడి, వచ్చీరాని తెలుగులో అడిగాడు:

"పాటీ, నీళ్ళు కరస్తాదా?"

"కరస్తాయా అనాల" అని దిద్దింది ముందు. తరువాత జవాబు చెప్పింది.

"లేదప్పా. ఇప్పుడు ఉప్పగా మాత్రం ఉండాయి."